పిట్టల దొరకు లైసెన్సు లేదు

బాపురావు అబద్ధం ఆడేది ఏడాదికి ఒక్కసారి, పన్నెండు నిమిషాలు. అదీ మైకు ముందు. మిగతా రోజులన్నీ నిజం చెప్పి చెప్పి ఎదుటివాళ్ల ప్రాణం తీస్తాడు.

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్ ఆయన. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి, పొల్లుపోకుండా రాసిపెట్టడం పని. "బటన్ పనిచేయడం లేదు" అని రాసి ఊరుకునే రకం కాదు. ఏ బటన్, ఎన్నిసార్లు నొక్కితే, ఎంత గట్టిగా నొక్కితే అన్నీ రాస్తాడు. ఓసారి ఏ వేలితో నొక్కాడో కూడా రాశాడని ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. జగిత్యాలలో పుట్టి, కరీంనగర్‌లో చదివి, హైదరాబాద్‌లో పదేళ్లు ఇవే తప్పులు పట్టి, ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. ఇప్పుడు యాభై రెండు. ఖాళీ రోడ్డు మీద కూడా పచ్చ బొమ్మ వెలిగేదాకా అడుగు తీసి అడుగు వేయడు.

ఆ పన్నెండు నిమిషాలూ తెలంగాణ సంఘం వాళ్ల దసరా వేడుకలో. పిట్టల దొర వేషం. ఖాకీ కోటు, వంకర టోపీ, కాటుక మీసం, ఛాతీ మీద సోడా మూతల మెడల్స్, భుజాన కట్టె తుపాకి. ఆ తుపాకి చూపించి కోతలు కోయడమే వేషం పని. లేని భూములు, చావని పులులు, పుట్టకముందే చేసిన యుద్ధాలు. జగిత్యాల వైపు ఆ కళ మీదే బతికే కుటుంబాలు ఉండేవి. బాపురావు వాళ్లలోవాడు కాడు. చిన్నప్పుడు వాళ్ల వెనక వాడలన్నీ తిరిగి, చూసి నేర్చుకున్నవాడు. నార్తాంప్టన్‌లో ఆ పాటి వచ్చినవాడు కూడా ఇంకొకడు లేడు గనక ఎనిమిదేళ్లుగా దొరతనం ఆయనదే.

ఆ ఏడు మాత్రం ఆయన మనసు వేషం మీద లేదు. బ్రిటిష్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టి మూడు నెలలైంది. భార్య నిర్మలాదేవికి, కూతురు అక్షరకు రెండేళ్ల కిందటే వచ్చేసింది. ఈయన తన ఫారంలో తప్పులు వెతుక్కుంటూ వెనకబడిపోయాడు. సెలవుల నుంచి తిరిగొచ్చినప్పుడల్లా విమానాశ్రయంలో వాళ్లిద్దరూ ఒక వరుసలో చకచకా వెళ్లిపోయి అవతల కాఫీ తాగుతూ ఉంటారు, ఈయన ఇంకో వరుసలో గంటన్నర నిలబడతాడు. ఆ వరుస మారాలి. దరఖాస్తులో "మంచి నడవడిక" అని ఒక షరతు ఉంది. పోలీసుల దగ్గర ఒక్క 'కాషన్', అంటే నేరం ఒప్పుకుని తీసుకునే మందలింపు కాగితం, ఉన్నా అంతా మొదటికి రావచ్చు. పోలీసుతో ఆయనకు పనేముంది గనక? ఏమీ లేదు, బామ్మర్ది దిగేవరకు.

నిర్మల తమ్ముడు రఘు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటాడు. రెండు వారాల సెలవు మీద వచ్చాడు. వచ్చిన రెండో రోజే షెడ్డులో మూలకు ఆనించి ఉన్న తుపాకి ఆయన కంట పడింది.

"బావా, ఇదేంది?"

"తుపాకి."

"నిజం జెప్పు. బట్టలారేసే కట్టె గదా?"

"కర్టెన్ రాడ్డు. ఎనిమిదేండ్ల సంది ఇదే తుపాకి."

"పసుప్పచ్చ రంగేందే? పెండ్లి పందిరి గుంజ లెక్కున్నది."

"గట్లుంటెనే మంచిది. ఎవలు జూసినా ఇది తుపాకి గాదని తెలువాలె."

"తుపాకిని జూస్తె తుపాకని తెలువాలె గని, కాదని తెలుసుడేంది బావా? ఏం దేశమయ్యా మీది."

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అదే ముచ్చట. రఘుకు మూడు తుపాకులు ఉన్నాయి. ఒకటి మంచం పక్క సొరుగులో, ఒకటి కారులో, ఒకటి బీరువాలో. మూడోది ఎందుకని అడిగితే, "ఎందుకన్నా మంచిదని" అన్నాడు, పచ్చడి జాడీ గురించి చెప్పినంత మామూలుగా.

నిర్మల పనిచేసేది ఒక డాక్టర్ గారి సర్జరీలో, అంటే ఇక్కడి క్లినిక్‌లో, రిసెప్షన్‌లో. తుపాకి అనేది ఆమెకు ఒక ఫారం.

"మా సర్జరీకి ఒక రైతు వస్తడు. డెబ్బై ఏండ్లుంటయి. చేన్ల పావురాలను గొట్టనీకె తుపాకి. దానికి మల్ల లైసెన్సు గావాలంటె మా డాక్టరు రాసియ్యాలె. మనసు మంచిగున్నదా, మందు ఎంత తాగుతడు, పాత రోగాలేమున్నయి, అన్నీ. తర్వాత పోలీసాయన ఇంటికొచ్చి తుపాకి పెట్టె తాళం గుంజి జూస్తడు. తాళంచెవి ఏడ వెడుతడో పెండ్లానికి గూడ చెప్పద్దట."

"గంత కథనా అక్కా? నేను దుకాణంల అడుగువెట్టి బయటికొచ్చెతందుకు ఇరువై నిమిషాలు. అండ్ల పది నిమిషాలు రంగు జూసుకునుడే."

"నీ మనసు మంచిగున్నదా అని ఎవలన్న అడిగిండ్రా?"

"ఫారం మీద ఉంటది. టిక్కు గొట్టుడే."

"నువ్వే గొట్టుకుంటవా?"

"మరెవలు గొడుతరు?" అన్నాడు రఘు. అందరూ నవ్వేసరికి ఆయనకు కాస్త పౌరుషం పొడుచుకొచ్చింది. "నవ్వకుండ్రి. మా పక్కింట్ల దొంగలు వడితె పోలీసులు వచ్చెటాల్లకు నలభై నిమిషాలైంది. నలభై నిమిషాలు మనిషేం జెయ్యాలె? దొంగలకు చాయ్ వొయ్యాల్నా?"

ఆ మాట నిజమేనని బాపురావు ఒప్పుకున్నాడు. నిర్మల మాత్రం వదల్లేదు.

"అయితె ఆ తుపాకులతోని ఇప్పటికి ఎవల్ని గొట్టినవ్?"

రఘు పప్పు కలుపుకుంటున్నాడు.

"పుష్పలీల నాకు జెప్పింది లే. గ్యారేజిల ఫ్రిజ్జును గొట్టినవట."

"సాఫ్ చేస్తుంటె పేలింది. గది యాక్సిడెంట్."

"పెరుగు గిన్నె గూడ వోయిందట గద."

పుష్పలీల ఆయన భార్య. ఆ రాత్రి ఆయన డల్లాస్‌కు ఫోన్ చేయలేదు.

మర్నాటి నుంచి రఘు షెడ్డులో దిగాడు. పాత కుర్చీ చెయ్యి కోసి, భుజానికి ఆనే మడమగా అమర్చాడు. పసుపు రంగు గీకి, మెరుపు లేని నలుపు కొట్టాడు. అక్షర చిన్నప్పటి బొమ్మ బైనాక్యులర్స్‌ను సగానికి కోసి గురి చూసే గొట్టంగా బిగించాడు. ఆమె పాత స్కూలు బ్యాగు పట్టీ తీసి భుజానికి తగిలించుకునేట్టు కట్టాడు. మూడు రోజులు తిండి కూడా అక్కడే. వద్దు వద్దంటూనే బాపురావు మూడో రోజు దాన్ని భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. నిలబడ్డవాడు కదల్లేదు. ఎనిమిదేళ్లలో మొదటిసారి దొరలా కనిపించాడు మరి.

ఇందులో తప్పేమైనా ఉందా అని ఎవరైనా అడిగి ఉంటే నిమిషంలో పదిహేడు రాసిచ్చేవాడు. ఎవరూ అడగలేదు.

"డాడ్, దట్ లుక్స్ రియల్," అంది పదిహేడేళ్ల అక్షర, మెట్లు దిగుతూ.

"థాంక్యూ బేటా."

"ఇట్ వాజంట్ ఎ కాంప్లిమెంట్."

శనివారం మధ్యాహ్నం వేడుక. నిర్మల, అక్షర బతుకమ్మలు పట్టుకుని పొద్దున్నే హాలుకు వెళ్లిపోయారు. ప్రతి ఏడూ తుపాకిని దిండు గలీబులో దూర్చి తీసుకెళ్లే బాధ్యత నిర్మలది. ఈసారి గొట్టం అడ్డంపడి గలీబులో పట్టలేదు. "డిక్కిల వడేస్తె పెయింట్ గీక్కపోతది బావా, చేతుల పట్టుకో" అన్నాడు రఘు. హాలు దగ్గర కార్లు పెట్టే చోటంతా నిండిపోయింది. మూడు వీధుల అవతల, పార్కు పక్కన ఆపారు. అక్కడి నుంచి నడక. ముందు బాపురావు, ఖాకీ కోటుతో, కాటుక మీసంతో, భుజాన నల్లటి తుపాకితో. వెనక రఘు, తన చేతిపని ఎండలో ఎలా ఉందో చూసుకుంటూ.

కుక్కను తిప్పుతున్న ఒక పెద్దావిడ ఎదురై "గుడ్ ఆఫ్టర్‌నూన్" అంది. బాపురావు టోపీ ఎత్తాడు. ఆవిడ మర్యాదగా రోడ్డు దాటి, మర్యాదగా మలుపు తిరిగి, ఫోన్ తీసింది.

తొమ్మిది నిమిషాల్లో రెండు కార్లు వచ్చాయి. నలుగురు దిగారు. మామూలుగా ఈ దేశంలో పోలీసు దగ్గర లాఠీ, మర్యాద తప్ప పెద్దగా ఏమీ ఉండవు. వీళ్ల దగ్గర మాత్రం తుపాకులున్నాయి, అవి కర్టెన్ రాడ్డుతో చేసినవి కావు.

"చేతిలో ఉన్నది కింద పెట్టండి. వెనక్కి నడవండి."

బాపురావు వంగి, రంగు గీసుకుపోకుండా, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టాడు. అప్పటికే వెనక నుంచి దబ్బుమని చప్పుడైంది. రఘు తడి ఆకుల్లో బోర్లా పడుకుని, రెండు చేతులూ బార్లా చాపి ఉన్నాడు. ఆయన్ని ఎవరూ పడుకోమనలేదు.

"బావా, కదలకు. జేబుల చెయ్యి వెట్టకు. దగ్గు వస్తె గూడ దగ్గకు," అన్నాడు ఆకుల్లోంచి. "వీళ్లు కొడుతరు."

"వీళ్లు కొట్టరు రఘూ. లే."

"నీకెర్కలే బావా."

బాపురావుకు బేడీలు వేసి, జేబులు వెతికారు. ఒక కాటుక డబ్బా, రెండు తమలపాకులు దొరికాయి. ఒక కుర్ర కానిస్టేబుల్ తుపాకి తీసి అటూ ఇటూ తిప్పాడు. గొట్టంలోంచి చూశాడు. "సార్జంట్, ఇది కర్టెన్ రాడ్డు," అన్నాడు.

సార్జంట్ నడివయసు మనిషి, జుట్టు వెనక్కి బిగించి కట్టిన ఆడమనిషి. బేడీలు తీయించింది. గొంతు తగ్గించి, చాలా గౌరవంగా, అసలు సంగతి చెప్పింది. ఉత్తుత్తి తుపాకి అయినా సరే, సరైన కారణం లేకుండా నలుగురు తిరిగే చోటుకు తెస్తే నేరమే. స్టేషనుకు వచ్చి ఒప్పుకుంటే బహుశా ఒక కాషన్‌తో పోతుంది, పెద్ద విషయం కాదు, అంది.

నాలుగు నిజం తుపాకులను చూసి బెదరని బాపురావు ఆ ఒక్క మాటకు బెదిరాడు. దరఖాస్తులో ఉన్నది సరిగ్గా ఆ మాటే.

బావ ముఖం చూసి రఘు మోకాళ్ల మీదికి లేచాడు. తన వల్ల వచ్చిన చిక్కు తనే విప్పాలనుకున్నాడు. "ఆఫీసర్, అది తుపాకిలాగ లేనే లేదు. మడమ తప్పు, కొలత తప్పు, గొట్టం చిన్నపిల్లల బొమ్మ. తుపాకులు తెలిసినవాణ్ణి చెబుతున్నాను."

"మీకెలా తెలుసు సర్?"

"నాకు మూడున్నాయి."

కుర్ర కానిస్టేబుల్ అర అడుగు పక్కకు జరిగాడు.

"ఇప్పుడవి ఎక్కడున్నాయి సర్?"

"ఒకటి కారులో..."

నలుగురూ పార్కు వైపు తిరిగారు.

"టెక్సస్‌లో కారు. నా కారు. ఎయిర్‌పోర్టులో పెట్టి వచ్చాను."

"ఎయిర్‌పోర్టులో," అంది సార్జంట్. "పెట్టెలో, తాళం వేసి?"

"గ్లవ్ బాక్సులో."

ఆవిడ నోటుబుక్కు తెరిచింది. కలం పెట్టింది. డల్లాస్ తన హద్దులోది కాదని గుర్తొచ్చినట్టుంది, మూసేసింది. ఆ తర్వాత అడిగింది డ్యూటీ ప్రశ్నలా లేదు. "ఎందుకు సర్?"

"జస్ట్ ఇన్ కేస్."

"ఇన్ కేస్ ఆఫ్ వాట్?"

రఘు నోరు తెరిచాడు. నలభై నిమిషాల కథ చెబుదామనుకున్నాడు గానీ, తొమ్మిది నిమిషాల్లో వచ్చిన వాళ్ల ముందు అది పొసగలేదు. మళ్లీ ఆకుల్లో కూర్చున్నాడు.

"కారణం ఉంది," అన్నాడు బాపురావు. "నేను ఆ హాలులో వేషం వేయబోతున్నాను. పిట్టల దొర అని మా వైపు ఒక వేషం."

"ఏం చేస్తాడు ఆయన?"

"అబద్ధాలు చెబుతాడు."

సార్జంట్ ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది. "అయితే వినిపించండి. నిజంగా వేషమైతే మాకూ తెలుస్తుంది."

పిల్లలకు అర్థం కావాలని ఆ ఏడు ఆట ఇంగ్లీషులో కూడా తయారు చేసుకున్నాడు బాపురావు. కాలు ముందుకు వేసి, మీసం మెలేసి, నోరు తెరిచాడు. మొదటి వాక్యం: ఒక్క గుండుతో మూడు పులులనూ, అడ్డొచ్చిన పట్వారినీ కొట్టిన దొరను నేను.

"బావా," అన్నాడు రఘు తెలుగులో, గొంతు లేవకుండా. "పట్వారిని గొట్టిన్నని జెప్పకు. కన్ఫెషన్ అయితది."

నిజమే. రెండో వాక్యం చూసుకున్నాడు. నార్తాంప్టన్‌లో పేలిస్తే కోవెంట్రీలో బస్సు టైరు పగిలింది. అదీ పనికిరాదు. మూడోది రాజుగారి తోటలో జింకలు. అసలే పనికిరాదు. పన్నెండు నిమిషాల ఆటనూ బుర్రలో పై నుంచి కిందికి పరీక్షించాడు. ప్రతి వాక్యంలోనూ ఏదో ఒకటి పేలుతోంది, ఎవరో ఒకరు చస్తున్నారు. అన్నీ కొట్టేస్తే మిగిలింది మీసం.

హాలు నుంచి జనం రావడం మొదలైంది. పట్టుచీరలు, చేతుల్లో ఫోన్లు. ముందు నిర్మల, పక్కన అక్షర. నిర్మల ముఖం చూస్తే బాపురావుకు ఆమె చెప్పిన సర్జరీ ముచ్చట, ఆ రైతు లైసెన్సు గుర్తొచ్చాయి.

"నేను గొప్ప దొరను," అని మొదలుపెట్టాడు. "నాకు ఏడు వందల ఎకరాల భూమి ఉంది. ఆకాశంలో. ఒకనాడు నా ముందుకు పులి వచ్చింది. ఇంత పెద్ద పులి. నేను తుపాకి తీశాను. పులి అన్నది, దొరా, లైసెన్సు ఉందా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన ఆపలేదు.

"లేదన్నాను. అయితే తెచ్చుకో, ఇక్కడే కూర్చుంటానన్నది. నేను ఫారం నింపాను. డాక్టరు సంతకం కావాలన్నారు. డాక్టరు దగ్గరికి వెళితే అపాయింట్‌మెంట్ ఆరు వారాల తర్వాత అన్నారు. పులికి చెప్పాను. పర్వాలేదు దొరా, మా అమ్మ మోకాలి ఆపరేషన్‌కు ఏడాదిగా ఎదురుచూస్తున్నాం అన్నది."

కుర్ర కానిస్టేబుల్ పెదవులు బిగించాడు.

"ఆరు వారాలకు వెళితే డాక్టరు అడిగాడు, మనసు బాగుందా? పులి ఎదురుగా కూర్చుంటే మనసెలా బాగుంటుందన్నాను. అయితే నీకు ఆందోళన ఉంది, లైసెన్సు ఇవ్వలేనన్నాడు. పులిని కూడా తీసుకెళ్లాను సాక్ష్యానికి. రిసెప్షన్‌లో ఆవిడ పులిని అడిగింది, నువ్వు మా సర్జరీలో రిజిస్టర్ అయ్యావా? పోలీసు ఇంటికి వచ్చాడు. తుపాకి పెట్టె తాళం గుంజి చూశాడు. పులి టీ పెట్టింది. మూడేళ్లకు లైసెన్సు వచ్చింది. పరుగెత్తుకుంటూ వెళ్లి చూపించాను. పులికి కళ్లద్దాలు వచ్చేశాయి. చదివి పెట్టు దొరా అన్నది."

కానిస్టేబుల్ ఇక ఆగలేకపోయాడు. వాళ్ల తాత లింకన్‌షర్ రైతు, ఆయన లైసెన్సు కాగితం కిందటి మార్చి నుంచి ఏదో బల్ల మీదే ఉందట. ఆ నవ్వు సార్జంట్‌ను కూడా అంటుకుంది. ఆవిడ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకుంది. వెనక చీరల గుంపు ఎప్పుడో విరగబడి నవ్వుతోంది.

"సరే," అంది సార్జంట్. "ఇది వేషమే. కేసు లేదు. కానీ ఈ వస్తువు నేను తీసుకెళ్లాలి." రసీదు పుస్తకం తీసి రాసింది: ఉత్తుత్తి తుపాకి, ఒకటి.

"అది తప్పు," అన్నాడు బాపురావు.

నిర్మల కళ్లు మూసుకుంది.

"ఏది తప్పు సర్?"

"మీరు రాసింది. ఉత్తుత్తి తుపాకి అనేది చట్టంలో మాట. నేను దాని కింద సంతకం పెడితే ఒప్పుకున్నట్టు. ఉన్నది ఉన్నట్టు రాయండి. కర్టెన్ రాడ్డు, పాతది, నల్ల రంగు వేసినది, ఒకటి. కుర్చీ చెయ్యి, ఎడమది. బొమ్మ బైనాక్యులర్స్, సగం. బ్యాగు పట్టీ."

"బావా, బతికిపోయినవు, సంతకం వెట్టు," అన్నాడు రఘు.

"ఎడమ చెయ్యి అని రాయాలంటారా?" అంది సార్జంట్.

"కుడిది ఇంకా షెడ్డులో ఉంది. రేపు ఎవరైనా పోల్చి చూస్తే గందరగోళం రాకూడదు."

ఆవిడ రాసింది. బాపురావు రెండుసార్లు చదివి, ఒక స్పెల్లింగు దిద్దించి, సంతకం చేశాడు. ఆ సాయంత్రం స్టేజి మీద ఉత్త చేతులతో పులి కథే చెప్పాడు. పన్నెండు నిమిషాల ఆట ఇరవై అయింది. రఘు మాత్రం ప్యాంటు నిండా ఆకుల మరకలతో చివరి వరుసలో కూర్చున్నాడు.

కథ అక్కడితో ఆగాల్సింది. సోమవారం పొద్దున బాపురావు లాప్‌టాప్ ముందు కూర్చుని, పౌరసత్వాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీసుకు ఉత్తరం మొదలుపెట్టాడు. దరఖాస్తు పెట్టిన తర్వాత ఏదైనా జరిగితే తెలియజేయాలని ఫారంలో ఉంది.

"వాళ్లు కేసే రాయలె," అంది నిర్మల. "సల్లగ పోయినదాన్ని తవ్వి నెత్తికెత్తుకునుడెందుకు?"

"తెలియజెయ్యాలె అన్నడు. చేస్తున్న."

"రెండేండ్లు ఆగి పెట్టిన దరఖాస్తు."

"అందుకే."

జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాశాడు. ఎండ ఎంతుందో, ఆకులు ఏ చెట్టువో కూడా. అక్షర అది చదివింది. ఇంగ్లీషులో చెప్పింది: నాన్నా, స్టేజి మీద నువ్వు చెప్పేవే నయం, ఇది ఎవరూ నమ్మరు. ఆయన పంపేశాడు.

తొమ్మిది వారాలు గడిచాయి. నిర్మల ఆయనతో అవసరమైనవే మాట్లాడింది. బాపురావు రోజూ పొద్దున ఈమెయిల్ చూసుకుని, చూసుకోలేదన్నట్టు చాయ్ పెట్టుకునేవాడు. పదో వారం మంగళవారం జవాబు వచ్చింది. పౌరసత్వం మంజూరైంది, ప్రమాణానికి కౌన్సిల్ వాళ్లతో రోజు కుదుర్చుకోండి. అంతే. నిర్మల దేవుడి గూటి ముందు దీపం పెట్టి వచ్చేసరికి బాపురావు ఆ జవాబును మూడోసారి కిందికీ పైకీ జరుపుతున్నాడు. డల్లాస్ నుంచి రఘు వీడియోలో ఉన్నాడు.

"ఇచ్చిండ్రు గద బావా. ఇంకేంది నీ బాధ?"

"నా ఉత్తరం గురించి ఒక్క ముక్క లేదు. చదివిండ్రా లేదా?"

"చదివితె ఇచ్చెటోళ్లు గాదు."

"చదవకుండ ఎట్ల ఇస్తరు? గది వాళ్ల తప్పు గద."

"ఆ తప్పు వట్టుకుంట పోకుండ్రి మీరు," అంది నిర్మల. "వాళ్లు ఏ మాటలు అనమంటె గవే అనుండ్రి. మల్ల నోరు తెరువకుండ్రి."

నెల తర్వాత ఒక గురువారం కౌన్సిల్ వాళ్ల హాలులో బాపురావు టై కట్టుకుని, చేతికిచ్చిన అట్ట మీది మాటలు అక్షరం పోకుండా చదివాడు. సర్టిఫికెట్ అందుకున్నాడు. చివర్లో రిజిస్ట్రార్ అందరి వైపూ చూసి నవ్వి, ఎవరికైనా అడగవలసింది ఉందా అంది. బాపురావు చెయ్యి సగం లేచింది. పక్క కుర్చీలోంచి అక్షర దాన్ని పట్టి ఒళ్లోకి దింపింది.

"నో క్వశ్చన్స్," అంది ఆ పిల్ల. "హీ ఈజ్ ఫైన్."